బ్యాండ్ 5 నుంచి చూస్తే: ఇంగ్లండ్ పెద్దాసుపత్రిలో న్యాయం ఎంతవరకు

ఇంగ్లండ్‌లో నర్సుగా చేరిన కొత్తలో నన్ను అన్నిటికంటే ఎక్కువ ఆశ్చర్యపరిచినది జీతాల పట్టిక. నేషనల్ హెల్త్ సర్వీస్‌లో, అంటే ఇక్కడ అందరూ ఎన్‌హెచ్‌ఎస్ అని పిలిచే ప్రభుత్వ వైద్య వ్యవస్థలో, డాక్టర్లు, దంతవైద్యులు, అత్యున్నత స్థాయి మేనేజర్లు తప్ప దాదాపు ఉద్యోగులందరూ ‘అజెండా ఫర్ చేంజ్’ అనే ఒకే వేతన ఒప్పందం కిందికి వస్తారు. 2004లో అమల్లోకి వచ్చిన ఈ ఒప్పందం ప్రకారం ప్రతి ఉద్యోగానికీ ఒక బ్యాండ్ ఉంటుంది. రోగులను స్ట్రెచర్ మీద తీసుకెళ్లే పోర్టర్ సాధారణంగా బ్యాండ్ 2, రిజిస్టర్డ్ నర్సు బ్యాండ్ 5, వార్డు సిస్టర్ బ్యాండ్ 6, వార్డ్ మేనేజర్ బ్యాండ్ 7. ఏ ఉద్యోగం ఏ బ్యాండ్‌లోకి వస్తుందో నిర్ణయించడానికి 16 అంశాలు చూస్తారు. వాటిలో చదువు, బాధ్యతలతో పాటు ఆ పనిలో పడే శారీరక శ్రమకూ, మనసు మీద పడే భారానికీ కూడా మార్కులుంటాయి. చనిపోయిన రోగి బంధువులతో మాట్లాడడం కూడా పనిలో భాగమేనని, దానికీ ఒక విలువ కట్టాలని ఒక వేతన ఒప్పందం ఒప్పుకోవడం నేను అంతకుముందు ఎక్కడా చూడలేదు.

హైదరాబాద్‌లో నేను పనిచేసిన కార్పొరేట్ ఆసుపత్రిలో పక్క బెడ్ చూసే సిస్టర్ జీతమెంతో నాకు తెలియదు, నాదెంతో ఆమెకు తెలియకూడదని మేనేజ్‌మెంట్ చెప్పేది. ఇన్నేళ్లు మానేయకుండా పనిచేస్తామని రాసిచ్చిన బాండ్ కాలం పూర్తయ్యేవరకు మా ఒరిజినల్ సర్టిఫికెట్లు హెచ్‌ఆర్ బీరువాలో ఉండేవి. ప్రైవేటు ఆసుపత్రుల్లో నర్సుల వేతనాలపై సుప్రీంకోర్టు ఆదేశాల మేరకు ఏర్పడిన కమిటీ, యాభై పడకలలోపు ఆసుపత్రిలోనైనా నెలకు 20,000 రూపాయలకు తగ్గకూడదని 2016లో చెప్పింది. చాలాచోట్ల అది సిఫార్సుగానే మిగిలిపోయింది. ఆ అనుభవంతో వచ్చినదాన్ని కాబట్టి, ఇక్కడ ఎవరైనా ఇంటర్నెట్‌లో చూసి నా జీతమెంతో లెక్కగట్టవచ్చునని తెలిసినప్పుడు మొదట కొంచెం ఇబ్బందిపడ్డాను, తర్వాత చాలా నిశ్చింతగా అనిపించింది. నా మేనేజర్‌కు నేనంటే ఇష్టం ఉన్నా లేకపోయినా ఆ అంకె మారదు.

సెలవులూ అంతే. చేరిన రోజునుంచే ఏడాదికి 27 రోజుల సెలవు, దానిపైన ఎనిమిది ప్రభుత్వ సెలవు దినాలు. అయిదేళ్ల సర్వీసు తర్వాత 29 రోజులు, పదేళ్ల తర్వాత 33. జబ్బుపడితే మొదటి ఏడాదిలో ఒక నెల పూర్తి జీతం, రెండు నెలలు సగం జీతం ఇస్తారు. అయిదేళ్లు దాటితే ఆరు నెలలు పూర్తి, ఆరు నెలలు సగం. నా బ్యాండ్‌లో రాత్రి షిఫ్టుకూ శనివారానికీ 30 శాతం, ఆదివారానికి 60 శాతం అదనంగా వస్తుంది. ఇవన్నీ యూనియన్లు కూర్చుని సాధించుకున్న షరతులే తప్ప ఏ మేనేజరూ దయతలచి ఇచ్చినవి కావు. ఆ జీతం సరిపోతుందా అన్నది వేరే ప్రశ్న. మహమ్మారి కాలంలో గురువారం సాయంత్రాలు జనం వీధుల్లోకి వచ్చి మాకోసం చప్పట్లు కొట్టారు. ఆ తర్వాత రెండున్నరేళ్లకు, 2022 డిసెంబరులో, నర్సుల యూనియన్ అయిన రాయల్ కాలేజ్ ఆఫ్ నర్సింగ్ ఇంగ్లండ్‌లో తన చరిత్రలోనే తొలిసారి నర్సుల సమ్మె జరిపింది.

జీతాల విషయంలో కాగితం మీదున్న న్యాయం చాలావరకు నిలబడుతుంది. అసలు పరీక్ష పనిలో ఏదైనా తప్పు జరిగినప్పుడు వస్తుంది. మా వార్డులో ఒక ఫిలిప్పీన్స్ నర్సు ఒక రాత్రి ఇద్దరు రోగుల మందుల చార్టుల మధ్య తికమకపడి, ఒకరికి ఇవ్వాల్సిన యాంటీబయాటిక్ మరొకరికి ఇచ్చింది. రోగికి హాని జరగలేదు. ఆమె వెంటనే డాక్టర్‌కు చెప్పి, రోగికీ చెప్పి, డేటిక్స్ అనే కంప్యూటర్ వ్యవస్థలో తానే రిపోర్టు రాసింది. మరునాడు వార్డ్ మేనేజర్ ఆమెను కూర్చోబెట్టి అడిగిన ప్రశ్నలు నాకు ఇప్పటికీ గుర్తున్నాయి, ఎందుకంటే తర్వాత ఆమె వాటిని మాకు ఒక్కొక్కటిగా చెప్పింది: ఆ రాత్రి ఎంతమంది స్టాఫ్ ఉన్నారు, మందుల ట్రాలీ దగ్గర ఎన్నిసార్లు ఎవరు పిలిచారు, ఒకే ఇంటిపేరున్న ఇద్దరు రోగులను పక్కపక్క బెడ్లలో ఎవరు ఉంచారు. మా పాత ఆసుపత్రిలో అయితే ముందుగా సంజాయిషీ పత్రం చేతికి వచ్చేది. జీతంలో కోత ఆ తర్వాతి నెల కనిపించేది.

ఆ ప్రశ్నలు ఆ మేనేజర్ మంచితనం వల్ల మాత్రమే వచ్చినవి కావు. ‘జస్ట్ కల్చర్ గైడ్’ పేరుతో 2018లో ఎన్‌హెచ్‌ఎస్ ఒక మార్గదర్శి విడుదల చేసింది. హాని చేయాలన్న ఉద్దేశం ఉందా, ఆరోగ్య కారణాలేమైనా ఉన్నాయా, నియమం తెలిసీ దాటారా అన్నవి అడిగాక అందులో ఒక కీలకమైన పరీక్ష వస్తుంది: అదే శిక్షణ, అదే అనుభవం ఉన్న మరో నర్సు అదే పరిస్థితిలో ఉంటే ఇలాగే చేసి ఉండేదా? అవునంటే లోపం మనిషిలో కంటే పద్ధతిలో ఉందని అర్థం చేసుకుని దాన్ని సరిచేయాలి. ఇంత సరళమైన ప్రశ్నను కాగితం మీద పెట్టడానికి ఈ దేశానికి కూడా చాలా కాలం పట్టింది, చాలా మూల్యం చెల్లించాల్సి వచ్చింది. లండన్‌లో అమీన్ అబ్దుల్లా అనే నర్సు 2015 చివర్లో క్రమశిక్షణ చర్య కింద ఉద్యోగం కోల్పోయి, తన అప్పీలు విచారణకు రాకముందే, 2016 ఫిబ్రవరిలో ప్రాణం తీసుకున్నారు. ఆయన పట్ల జరిగిన ప్రక్రియ న్యాయంగా లేదని స్వతంత్ర విచారణ తేల్చింది. ఆ తర్వాత, 2019 మే నెలలో, ఆసుపత్రులను పర్యవేక్షించే ఎన్‌హెచ్‌ఎస్ ఇంప్రూవ్‌మెంట్ సంస్థకు అప్పటి అధ్యక్షురాలు డైడో హార్డింగ్ అన్ని ట్రస్టులకూ, అంటే ఆసుపత్రులను నడిపే ఎన్‌హెచ్‌ఎస్ సంస్థలకు, లేఖ రాశారు: ఉద్యోగిని సస్పెండ్ చేసే నిర్ణయం ఒక్కరే తీసుకోరాదు, విచారణ సాగుతున్నంతకాలం ఆ ఉద్యోగి ఆరోగ్యాన్ని గమనిస్తూ ఉండాలి, ఇలాంటి కేసుల లెక్క ట్రస్టు బోర్డు ముందుకు రావాలి. మేము ఇప్పుడు అనుభవిస్తున్న ఆ కాస్త రక్షణ వెనుక ఒక సహోద్యోగి ప్రాణం ఉందన్న సంగతి కొత్తగా వచ్చిన నర్సులకు ఇండక్షన్‌లో చెప్పరు. చెబితే బాగుంటుందని నా అభిప్రాయం.

ఇది కేవలం ఒక మనిషి కథ కాదని అంకెలు చెబుతాయి. 2015నుంచి ప్రతి ట్రస్టూ ‘వర్క్‌ఫోర్స్ రేస్ ఈక్వాలిటీ స్టాండర్డ్’ కింద తొమ్మిది అంశాలపై తెల్లజాతి ఉద్యోగులకూ మిగతావారికీ మధ్య ఉన్న తేడాను లెక్కగట్టి ఏటా బయటపెట్టాలి. క్రమశిక్షణ చర్య ఎదుర్కొనే అవకాశం తెల్లవారికంటే మిగతా జాతుల ఉద్యోగులకు మొదటి ఏళ్లలో ఒకటిన్నర రెట్లకు పైగా ఉండేది. లెక్కలు బయటికి రావడం మొదలయ్యాక, చర్య మొదలుపెట్టేముందే మరొకరు చూడాలన్న నియమం చాలాచోట్ల వచ్చాక, ఆ తేడా దేశం మొత్తం మీద బాగా తగ్గింది.

తగ్గనిది మరొకటుంది. ఇంటర్వ్యూకు ఎంపికైన వారిలో ఉద్యోగం దక్కే అవకాశం తెల్లవారికి మిగతావారికంటే సుమారు ఒకటిన్నర రెట్లు ఎక్కువ. మొదటి నివేదికల్లో ఎలా ఉందో దాదాపు అలాగే ఉండిపోయింది. అర్హతలు సరిపోయాయని షార్ట్‌లిస్ట్ చేసిన తర్వాత, గదిలో కూర్చున్నాక వచ్చే తేడా ఇది. నాకు తెలిసిన ఒక మలయాళీ సహోద్యోగిని కొచ్చిలో ఐసీయూలో ఏళ్ల తరబడి పనిచేసి వచ్చింది. మా వార్డులో రాత్రిపూట రోగి పరిస్థితి విషమిస్తే డాక్టర్‌కంటే ముందు అందరూ ఆమెనే పిలుస్తారు. బ్యాండ్ 6 పోస్టుకు వెళ్లిన ప్రతిసారీ ఆమెకు వచ్చిన అభిప్రాయం ఒక్కటే: ఇంకొంచెం ఆత్మవిశ్వాసం కనబరచాలి.

ఇది పూర్తిగా ఇంటర్వ్యూ బోర్డు దురుద్దేశమని నేను అనుకోను. అసలు మెలిక ఇంటర్వ్యూకు చాలా ముందే పడుతుంది. ఒక బ్యాండ్ 6 సిస్టర్ ప్రసూతి సెలవు మీద వెళ్తుంది; ఆ కొన్ని నెలలు ఆమె స్థానంలో తాత్కాలికంగా ఎవరినో ఒకరిని బ్యాండ్ 6గా పనిచేయమంటారు. దానికి చాలాసార్లు ప్రకటన ఉండదు, మార్కులుండవు. మేనేజర్‌తో టీ బ్రేక్‌లో చనువుగా మాట్లాడే మనిషికి అది అందుతుంది. ఆరు నెలల తర్వాత శాశ్వత పోస్టు పడినప్పుడు ఇంటర్వ్యూలో ‘మీరు ఒక వార్డు బృందాన్ని నడిపించిన సందర్భం చెప్పండి’ అని అడుగుతారు. చెప్పడానికి ఆ తాత్కాలిక అవకాశం దక్కిన నర్సు దగ్గర ఆరు నెలల అనుభవం ఉంటుంది, మనవాళ్ల దగ్గర ఉండదు. బోర్డు నిజాయితీగానే ఎక్కువ మార్కులు ఆమెకు వేస్తుంది. బోర్డులో ఒక నల్లజాతి లేదా ఆసియా సభ్యుణ్ణి కూర్చోబెట్టడం మా ట్రస్టు చేసిన సంస్కరణ. నా దృష్టిలో అది ఆలస్యంగా, తప్పుచోట వేసిన మందు. తాత్కాలిక అవకాశాలను కూడా ప్రకటించి ఇవ్వాలన్న ఒక్క నియమం అంతకంటే ఎక్కువ పని చేసేది.

షిఫ్టులు, సెలవులు కేటాయించే పట్టిక, అంటే రోటా సంగతీ ఇలాంటిదే. మనవాళ్లకు కావలసింది ఏడాదికి ఒకసారి, పిల్లల స్కూలు సెలవుల్లో, కనీసం నాలుగు వారాలు కలిపి ఇంటికి వెళ్లిరావడం; విజయవాడకో వరంగల్‌కో రానూపోనూ ప్రయాణానికే రోజులు పోతాయి. మా ఆసుపత్రి నియమం ప్రకారం రెండు వారాలకు మించితే మేనేజర్ విచక్షణ. ఒక వార్డులో సంతోషంగా ఇస్తారు, పై అంతస్తు వార్డులో ఎన్నడూ ఇవ్వరు. ఒకే ఆసుపత్రి, ఒకే యూనిఫాం.

ఇలాంటివి ఎవరికి చెప్పాలి? దానికీ ఒక మనిషి ఉన్నారు. మిడ్ స్టాఫర్డ్‌షర్ ఆసుపత్రిలో రోగుల పట్ల జరిగిన ఘోరమైన నిర్లక్ష్యంపై విచారణ జరిపిన సర్ రాబర్ట్ ఫ్రాన్సిస్, సిబ్బంది నోరు విప్పడానికి ఎందుకు భయపడతారన్న విషయంపై 2015లో మరో నివేదిక ఇచ్చారు. దాని ఫలితంగా ట్రస్టులన్నింటిలోనూ ‘ఫ్రీడమ్ టు స్పీక్ అప్ గార్డియన్’ అనే పదవి ఏర్పడింది. వార్డ్ మేనేజర్‌కూ హెచ్‌ఆర్‌కూ సంబంధం లేకుండా, నేరుగా ఆ వ్యక్తికి ఫిర్యాదు చెప్పుకోవచ్చు. మా గార్డియన్ ఓపికగా వినే మనిషి. అయినా మనవాళ్లలో ఆమె తలుపు తట్టినవారు తక్కువ, దానికి కారణం స్పష్టమే. మా వీసా ఉద్యోగమిచ్చిన ట్రస్టు స్పాన్సర్‌షిప్‌కు ముడిపడి ఉంటుంది. ఉద్యోగం పోతే మరో స్పాన్సర్‌ను వెతుక్కోవడానికి సాధారణంగా ఇచ్చే గడువు 60 రోజులు. ఇల్లు, పిల్లల బడి, ఊళ్లో చేసిన అప్పు అన్నీ ఆ గడువు మీదే ఆధారపడి ఉన్న మనిషికి మీరు నిర్భయంగా మాట్లాడవచ్చని పోస్టర్ చెబితే సరిపోదు. శాశ్వత నివాసం వచ్చాకే మా వార్డులో కొందరి గొంతు నాకు మొదటిసారి వినిపించింది.

ఏటా శరదృతువులో వచ్చే ఉద్యోగుల సర్వే ఈ మౌనానికి కొంత విరుగుడు. 2003నుంచి జరుగుతున్న ఈ సర్వేలో పేరు బయటపడదు. మరీ తక్కువ జవాబులు వచ్చిన చిన్న బృందాల ఫలితాలను విడిగా చూపించరు. ఉద్యోగి పనిలో మనసు పెట్టగలుగుతున్నారా అన్నదాన్ని తొమ్మిది ప్రశ్నలతో కొలుస్తారు. వాటిలో నాకు నచ్చిన ప్రశ్న, మీ బంధువుకో స్నేహితుడికో వైద్యం అవసరమైతే ఈ ఆసుపత్రిలో జరిగే వైద్యంతో మీరు తృప్తిపడతారా అన్నది. కష్టమైన ప్రశ్న మరొకటి: మీ విభాగంలో మెరుగుదల మీ చేతుల మీదుగా జరుగుతోందా? వసంతంలో ఫలితాలు వస్తాయి, ‘మీరు చెప్పారు, మేము చేశాం’ అని పోస్టర్లు అంటిస్తారు. మేము రోటా గురించి చెప్పిన ఏడాది స్టాఫ్ రూమ్‌లో కొత్త మైక్రోవేవ్ వచ్చింది. దీపావళికి సమోసాలు కూడా పెట్టారు. సమోసాలు బాగానే ఉన్నాయి.

అయినా మైక్రోవేవ్‌ను చూసి మాత్రమే వ్యవస్థను కొట్టిపారేస్తే అన్యాయమవుతుంది. నడుము పట్టేసిన సహోద్యోగిని, ఉద్యోగుల ఆరోగ్యం చూసే ఆక్యుపేషనల్ హెల్త్ విభాగంవారు పరీక్షించి, కొన్నాళ్లు బరువెత్తే పని లేకుండా చేయించారు. ఒక కష్టమైన మరణం తర్వాత మాకు కౌన్సెలింగ్ గంట ఏర్పాటు చేశారు. ఇవి అడిగితే దొరికాయి.

తెలుగు రాష్ట్రాల నుంచి కూడా నర్సులు వస్తున్నారు. తెలంగాణలో టామ్‌కామ్ వంటి ప్రభుత్వ సంస్థే విదేశీ ఉద్యోగాలకు పంపుతోంది. ఫోన్ చేసి ఏ ట్రస్టు మంచిదని అడిగేవాళ్లకు నేను ఊరి పేరు, జీతం చెప్పడం మానేశాను. జీతం లండన్ భత్యం మినహా అన్నిచోట్లా ఒకటే. ట్రస్టు పేరుతో సర్వే ఫలితాలు, జాతి సమానత్వ నివేదిక రెండూ బహిరంగంగా దొరుకుతాయి, అందులో షార్ట్‌లిస్ట్ తర్వాత ఉద్యోగం దక్కే నిష్పత్తి ఉన్న వరుస వెతకమంటాను. ఆ తర్వాత ఆఫర్ లెటర్‌లో మధ్యలో మానేస్తే తిరిగి కట్టాల్సిన ఖర్చుల షరతు చదవమంటాను: ఏయే ఖర్చులు, ఎంత, కాలం గడిచేకొద్దీ తగ్గుతుందా లేదా. పెద్ద సెలవు రెండు వారాలకు మించి ఇస్తారా అన్నది మాత్రం ఏ కాగితంలోనూ ఉండదు. ఇంటర్వ్యూ చివర్లో మీరేమైనా అడుగుతారా అన్నప్పుడు అదే అడగాలి. జవాబును ఈమెయిల్‌లో పంపమని కూడా అడగాలి.