కొండపల్లిలో ఒక గిన్నెడు మక్కు

విజయవాడ బస్టాండు బయట ఆటోకి నాలుగు వందలు అడిగారు. ఇరవై కిలోమీటర్లకి అంతా! సిటీ బస్సే ఎక్కాను. గొల్లపూడి, గుంటుపల్లి మీదుగా ఇబ్రహీంపట్నం రింగు చేరేసరికే గంట దాటింది. ముందు ఖిల్లా, ఆ తర్వాత బొమ్మలు అనుకున్నాను. బొమ్మల కాలనీలో ఒక గుమ్మం దగ్గర ఆగాక ఖిల్లా ఊసే లేదు.

ఒక పెద్దావిడ సత్తు గిన్నెలో గోధుమరంగు ముద్ద పిసుకుతున్నారు. దాని పేరు మక్కు. చింతగింజల జిగురులో రంపపు పొట్టు కలిపితే వచ్చేది. తెల్లపొణికి అనే తేలిక కర్రతో చెక్కిన ఏనుగు ఒంటికి తొండం, చెవులు అతికేది దీనితోనే. చింతగింజలంటే మనకు వామనగుంటలు, అష్టాచెమ్మా. ఇక్కడ అవి వడ్రంగి సామాను.

నేను వెతుకుతున్నది బొమ్మల మీద, అట్టల మీద గరుకు తెప్పించే ముద్ద. పట్నంలో క్రాఫ్ట్ షాపులో దాన్నే టెక్స్చర్ పేస్ట్ అంటారు, చిన్న డబ్బా కూడా వందల్లో ఉంటుంది. మక్కుకి కావలసినవి పొయ్యి, గింజలు, ఓపిక. గింజల్ని తొక్క చిట్లేదాకా సన్నని సెగ మీద వేయించి, రాత్రంతా నానబెట్టి, తొక్క పూర్తిగా తీసేయాలి. వంద గ్రాముల గింజలకు డెబ్బై గ్రాముల పప్పు దక్కుతుంది. తొక్క మిగిలితే ముద్ద ఎర్రబడి, పైన వేసే లేతరంగులోకి మరక దిగుతుంది. పప్పుని ఎండబెట్టి మెత్తగా పొడి చేసుకోవాలి. కప్పు పొడిని ముందు చన్నీళ్ళలో ఉండలు లేకుండా కలిపి, మొత్తం ఆరు కప్పుల నీళ్ళతో పొయ్యి మీద పెట్టి, అడుగంటకుండా తిప్పుతూ ఉండాలి. ఈ జిగురు చన్నీళ్ళలో కరగదు, ఉడికితేనే సాగుతుంది. దించి చల్లార్చాక, జల్లించిన పొట్టుని చపాతీ పిండంత గట్టిపడేదాకా కలపాలి.

"ఎండలో పెట్టమాకండి, నెర్రెలిస్తది," అన్నారావిడ. పైపొర ముందే ఆరి బిగుసుకుంటుంది, లోపలి తడి తర్వాత ఆరుతూ కుంచించుకుపోతుంది, అందుకే పగుళ్ళు. ఒక్కో పూత రెండు మూడు మిల్లీమీటర్లు మించకుండా వేసి, నీడలో ఒక రోజు ఆరనిచ్చాకే రెండోది. అట్ట మీద వేసేటప్పుడు వెనకవైపు కూడా పల్చగా జిగురు రాయాలి, లేకపోతే అట్ట వంకర తిరుగుతుంది.

ఆశ్చర్యమేమిటంటే, నేను వెతుక్కుంటూ వెళ్ళిన గరుకుదనాన్ని వాళ్ళు పనిగట్టుకుని చెరిపేస్తారు. మక్కు ఆరాక ఆకురాయి పట్టి, సున్నం పూత వేస్తే బొమ్మ నున్నగా తయారవుతుంది. రంగులు ఆ తర్వాతే. గరుకు కావాలంటే ఆ ఆకురాయి, సున్నం జోలికి పోకుండా ముందే ఆగిపోవాలి. పచ్చి మక్కు మీద పాత దువ్వెన లాగితే చెట్టు బెరడు, గోనెసంచి అద్దితే నేత, టూత్‌బ్రష్‌తో పొడిస్తే నాచు. ఆరాక ముదురు రంగు నింపి, దాదాపు ఆరిన బ్రష్‌తో లేతరంగు పైపైన రాస్తే ఎత్తులు మాత్రమే పట్టుకుంటాయి. గరుకు అప్పుడే కళ్ళకు కనబడుతుంది.

ఇంట్లో దొరికే మిగతావి కూడా పనికొస్తాయి. రెండు పాళ్ళు ముగ్గుపిండి, ఒక పాలు ఫెవికాల్ కలిపితే తెల్లటి గట్టి ముద్ద వస్తుంది. కోడిగుడ్డు పెంకుల్ని ఉడికించి లోపలి పొర ఒలిచేయాలి, లేకపోతే వాసన, పైగా పెంకు ఊడిపోతుంది. రవ్వ బాగుంటుంది గానీ పురుగు పడుతుంది. దాని బదులు టీ జల్లెడలో జల్లించిన ఇసుక మేలు. ఉప్పు అసలు వద్దు, వానాకాలంలో చెమ్మ పట్టి రంగుని పైకి లేపేస్తుంది. చింత జిగురు రెండు రోజులకే పులుస్తుంది. నిలవ ఉంచాలంటే చిటికెడు మైలుతుత్తం వేయొచ్చు, కానీ అది విషం. పిల్లలు చేసే పనైతే వేయకుండా ఏరోజుకారోజు చేసుకోవడమే నయం.

సున్నం వేయని ఏనుగొకటి అడిగాను. ధర మాత్రం పూర్తి ఏనుగుదే చెప్పారు. బేరం సాగలేదు. వచ్చేటప్పుడు మాత్రం అరకిలో పొణికి పొట్టు పొట్లం కట్టి ఇచ్చారు, డబ్బులు తీసుకోలేదు. "టేకు పొట్టు కలపమాకండి, నూనెండి దాన్లో, పట్టు ఉండదు," అని బస్సు దాకా వచ్చి మరీ చెప్పారు.