రోడ్డు మారింది, నిద్ర పోయింది

కిటికీలు మూసినా వినిపిస్తోంది. మెయిన్ రోడ్డు మీద తారు తీసి సీసీ వేశారు, బళ్లు వదిలి నెలయింది. అడిగినవాళ్లందరూ బాగుందనే అంటున్నారు. వాన నీళ్లు నిలవట్లేదు, అత్తయ్య ఇవాళ ఎవరి చెయ్యీ పట్టుకోకుండా గుడి దాకా వెళ్లొచ్చారు. అంతవరకు సంతోషమే.

కానీ ఆ చప్పుడు! బండి జారకుండా సిమెంటు పచ్చిగా ఉన్నప్పుడే రోడ్డుకి అడ్డంగా గీతలు గీశారు. కారు వాటి మీద పోతే టైరు సన్నగా ఏడ్చినట్టు ఒకటే కూత. పలకల అతుకుల దగ్గర టప్, టప్. తారు మీద ఇదే కారు జర్రుమని పోయేది, ఆ మోత ఫ్యాను చప్పుడులో కలిసిపోయేది. ఈ కూత కలవదు. ఫోనులో డెసిబెల్ యాప్ పెట్టి చూశాను, కిటికీ దగ్గర 60 దాటింది. ఇళ్లున్న చోట రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా 45 దాటకూడదని 2000 నాటి నిబంధనలు. పాత రోడ్డప్పుడు చూసినా రెండు మూడు అంకెలే తక్కువ. "మరి తేడా ఏముంది?" అన్నారు ఈయన. తేడా అంకెలో లేదు. ఒకే స్వరం పట్టి లాగుతుంటే చెవి దాన్ని వదలదు. అవే గీతలు బండి పోయే దిక్కులో గీస్తే ఇంత కూత ఉండదట. నెదర్లాండ్స్‌లో హైవేలకి సన్న రంధ్రాలుండే తారు వేస్తారు, చప్పుడు కొంత అందులోకే ఇంకుతుంది.

అమ్మమ్మ వాళ్లూరిది కంకర రోడ్డు. ఎండాకాలం రాత్రి అరుగు మీద నులక మంచంలో పడుకుని చెప్పేది: "అది ఎడ్లబండి, ఇనప పట్టా రాళ్ల మీద ఎలా కొరుకుతోందో విను. ఇది ఖాళీ లారీ." ఆఖరి బస్సు ఇంకా చెరువు గట్టు దగ్గర ఉండగానే లేచి తాతయ్యకి పులుసు వెచ్చబెట్టేది. తారు వేశాక ఊరంతా సంబరపడితే ఆవిడొక్కతే దిగులుపడింది. "ఎవరొస్తున్నారో తెలియడం లేదే" అని రాత్రంతా మెలకువగా ఉండేది. అప్పుడు నాకు అర్థం కాలేదు.

రాస్తుంటే అనిపిస్తోంది, తప్పంతా గీతల మీదే వేస్తున్నానేమో. పాత రోడ్డు నిండా గుంతలే కాబట్టి అందరూ ఇరవైలో పోయేవాళ్లు. ఇప్పుడు అరవై. మెల్లగా పోయే కారుకి ఇంజను మోతే ఎక్కువ, నలభై యాభై దాటాక టైరుదే పైచేయి. స్పీడ్ బ్రేకర్ వేయమని అడగాలా? అప్పుడు బ్రేకులు, మళ్లీ రేజింగ్. అదీ వద్దు.

ఇవాళ చెవుల మీద దిండు పెట్టుకుని పడుకున్నాను. పాలబూత్ ముందు గుంతలో ఈయన బండి స్టాండు ఠంగుమంటే లేచి స్టవ్ వెలిగించేదాన్ని. ఆ గుంత ఇప్పుడు లేదు. గేటు తీసేదాకా తెలియలేదు. చల్లారిపోయిన అన్నమే తిని పడుకున్నారు.