సగం పేరు

నిన్న న్యూయార్క్‌లో ఎల్లిస్ ఐలాండ్ మ్యూజియంకి వెళ్లాను. 1892 నుంచి 1954 దాకా దాదాపు 1.2 కోట్ల మంది అమెరికాలోకి వచ్చింది ఇక్కడి నుంచే. ఆ పెద్ద హాల్లో చాలాసేపు నిలబడిపోయాను. డాక్టర్లు మెట్లెక్కి వచ్చేవాళ్ల నడకనీ ఆయాసాన్నీ గమనించి, అనుమానం వస్తే కోటు మీద సుద్దముక్కతో ఒక అక్షరం రాసేవారట. గుండె జబ్బయితే హెచ్, కళ్లయితే ఇ. ఆ గుర్తు పడ్డ మనిషికి ఎంత టెన్షనో! వెనక్కి పంపింది నూటికి ఇద్దరినే, కానీ క్యూలో ఉన్నవాళ్లకి ఆ లెక్క తెలియదు కదా.

అక్కడి అధికారులే వలస వచ్చినవాళ్ల పేర్లు మార్చేశారని అందరూ అంటుంటారు. నిజం కాదు. వాళ్ల చేతిలో ఉన్నది ఓడ ఎక్కేటప్పుడే తయారైన జాబితా. చాలామంది పేర్లు కుదించుకున్నది ఆ తర్వాత, వాళ్లంతట వాళ్లే.

మ్యూజియంలో అది చదివాక నాకు కాళ్లు కదల్లేదు. నా పేరు కూడా ఎవరూ లాక్కోలేదు. వచ్చిన మొదటి నెలలోనే, పలకడానికి ఇబ్బంది పడుతున్నారని సగం పేరు నేనే చెప్పేశాను. పదకొండేళ్లయింది. ఈమధ్య మీటింగ్‌లో కొత్తగా చేరిన ఒకావిడ నా పూర్తి పేరు ఎలా పలకాలని అడిగారు. రెండుసార్లు చెప్పాను. మూడోసారి ఆవిడే సరిగ్గా పలికారు.