ఇరకం దీవిలో అవ్వ మొక్కు

మా అవ్వ పుట్టింది పులికాట్ సరస్సు మధ్యలో ఉన్న ఇరకం దీవిలో. పెళ్లయ్యాక గట్టుకొచ్చి నెల్లూరులో కాపురం పెట్టింది. అమ్మకు చిన్నప్పుడు టైఫాయిడ్ వచ్చి మంచాన పడితే, బిడ్డ లేచి తిరిగితే ఊళ్లో అమ్మోరికి పొంగలి పెడతానని మొక్కుకుందట. ఏవేవో అడ్డాలు పడి ఆ మొక్కు తీరకుండానే పోయింది. "నా ప్రాణం కోసం మొక్కుకుంది, నేనే తీర్చాలి" అని మార్చి చివర్లో అమ్మ నన్ను బయల్దేరదీసింది.

రైల్లో సూళ్లూరుపేటలో దిగి ముందు కాళంగి ఒడ్డున చెంగాళమ్మ గుడికి పోయాం. అవ్వ ఎప్పుడు పుట్టింటికి వెళ్లినా ఇక్కడ దణ్ణం పెట్టుకునే పోయేదట. ఆ గుడి తలుపులు రాత్రిపూట కూడా మూయరు. శ్రీహరికోటలోని రాకెట్ కేంద్రం షార్‌లో రాకెట్ ఎగరేసే ముందు ఇస్రో పెద్దలు కూడా వచ్చి అమ్మవారిని దర్శించుకుంటారు. ఈ ప్రాంతం 2022లో తిరుపతి జిల్లాలో కలిసింది గానీ, కుంకుమ అమ్మే ఆమె "మీది నెల్లూరా? మాదీ నెల్లూరే కదమ్మా" అంది. అమ్మ ముఖం వెలిగిపోయింది.

తడ మీదుగా ఆటోలో భీమునివారిపాలెం రేవుకు చేరాం. దీవికి పోవాలంటే పడవే దిక్కు. మా పడవలో రెండు బియ్యం బస్తాలు, గ్యాస్ సిలిండరు, సైకిలు, ఆసుపత్రి నుంచి వస్తున్న ఒక ముసలాయన ఉన్నారు. మా పొంగలి సామాను సంచి చూసి పడవాయన "ఎవురింటికమ్మా?" అన్నాడు. అమ్మ తన తాత పేరు చెప్పింది. ఆయన కాసేపు ఆలోచించి "పడమటీధిలో వేపచెట్టు ఇల్లు" అన్నాడు. ఆ ఇల్లు పడిపోయి చాలా ఏళ్లయిందట. చెట్టు మాత్రం ఉందట.

సగం దూరం పోయాక పడవ బురదలో కూరుకుపోయింది. ఇంజను ఆపేసి గడతో తోశారు, కదల్లేదు. నేనూ ఇంకో ఇద్దరూ దిగి తోశాం. మోకాలి లోతు నీళ్లు, దాని కింద మోకాలి లోతు నల్లటి బురద. కాలు పైకి లాగితే కుళ్లిన నాచు వాసన. నాకు టెన్షన్ పట్టుకుంది గానీ, పడవాయన నిమ్మళంగానే ఉన్నాడు. "నీళ్లు తీసేసుండాయి సారూ. సముద్రం నోరు పూడిపోతే మాకీ తిప్పలే" అన్నాడు. రాయదొరువు, కొండూరుపాలెం దగ్గర ముఖద్వారాల్లో ఇసుక మేటేస్తే సముద్రపు నీళ్లు సరస్సులోకి రావు. నీళ్లు రాకపోతే రొయ్య పిల్లా రాదు, పీతా రాదు. చేపల మీద బతికే ఊళ్లకు అదే ఆకలి. ముఖద్వారాల్లో పూడిక తీయమని జాలర్లు ఎన్నేళ్లుగా మొత్తుకుంటున్నారో పేపర్లో చదవడం వేరు, ఆ బురదలో నిలబడి తెలుసుకోవడం వేరు.

అవతల తూర్పున సన్నటి గీతలా శ్రీహరికోట కనిపించింది. సరస్సుకూ సముద్రానికీ మధ్య గోడలా పరుచుకున్న దీవి అది. 1971లో అక్కడ మొదటి రాకెట్ లేవకముందు అది అడవి. ఆ అడవి కట్టెలు బకింగ్‌హాం కాలువలో పడవల మీద మద్రాసు పొయ్యిల్లోకి పోయేవి. అవ్వ నాయన ఆ కట్టెల పడవల్లోనే గడ వేశాడట. ఉత్తరాన దుగరాజపట్నంలో ఇంగ్లీషువాళ్లు 1626లోనే వర్తక స్థావరం పెట్టుకున్నారు, అప్పటికి మద్రాసు ఇంకా పుట్టలేదు. మా వాళ్ల పేర్లు ఏ చరిత్రలోనూ ఉండవు. కానీ ఈ నీళ్ల మీద సరుకు మోసిన చేతులు వాళ్లవే.

దీవిలో దిగగానే ఇసుక, తాటిచెట్లు, ఆరేసిన వలలు. వీధిలో ఒకరు తెలుగులో పిలిస్తే ఇంకొకరు అరవంలో పలుకుతున్నారు. పిల్లలు రెండూ కలిపి మాట్లాడేస్తున్నారు.

పొంగలికి నీళ్లు కావాలంటే ఒక పెద్దామె మమ్మల్ని దొరువు దగ్గరికి తీసుకెళ్లింది. దొరువంటే ఇసుకలో నిలువు లోతు కూడా లేని గుంట. చుట్టూ ఉప్పు నీళ్లే, నడుమ ఇసుకలో ఇంకిన వాన నీళ్లు మాత్రం తియ్యగా ఊరుతుంటాయి. తేలికైన ఆ తీపి నీళ్లు ఉప్పు నీళ్ల పైన తేలుతుంటాయి. అందుకే ఎక్కువ లోతు తవ్వరు, ఒక్కసారే తోడెయ్యరు. ఆమె అడుగు కదలకుండా చెంబు ఏటవాలుగా ఆనించింది. సగం నిండాక ఆగి, నీళ్లు ఊరిందాకా చూసి, మళ్లీ ముంచింది. "ఆత్రపడితే ఉప్పెక్కుతుంది" అంది. ఒక బిందె నిండడానికి చాలాసేపు పట్టింది. తొందరపడేవాళ్లు ఆ దీవిలో బతకలేరని నాకక్కడే అర్థమైంది.

వేపచెట్టు నీడన మూడు రాళ్లు పెట్టి అమ్మ పొంగలి వండింది. పొంగు రాగానే ఇద్దరు ముగ్గురు ఆడవాళ్లు చేరి, పిలవకుండానే అమ్మోరి గుడిదాకా మాతో నడిచారు. నైవేద్యం పెట్టి అమ్మ చాలాసేపు కళ్లు మూసుకునే ఉంది. తర్వాత ఆకుల్లో పెట్టి, ఆ వీధిలో ఏ ఇల్లూ వదలకుండా పంచింది.

తిరిగి రేవుకొచ్చాక దొరువు దగ్గరి పెద్దామె ఎండు రొయ్యల పొట్లం అమ్మ ఒడిలో పెట్టింది.

"ఈసారి కార్తీకంలో రామ్మా. వానలకు నీళ్లు నిండుగా ఉంటాయి, పడవ ఆగదు."

పడవ కదిలేసరికి అమ్మ వేళ్ల మీద నెలలు లెక్కబెడుతోంది.