ఎడమ అని పేరు, కూర్చునేది కుడివైపు

డెన్మార్క్ ఎన్నికల ఫలితాల పట్టికలు చూడటం నాకున్న వింత సరదాల్లో ఒకటి. అక్కడ బ్యాలెట్ మీద ప్రతి పార్టీకీ ఓ అక్షరం ఉంటుంది. ‘వి’ అక్షరం వెన్‌స్ట్రె పార్టీది. వెన్‌స్ట్రె అంటే డేనిష్‌లో ఎడమ. తీరా చూస్తే ఆ పార్టీని లెక్కేసేది నీలి కూటమిలో, అంటే కుడివైపు వాళ్లతో!

పేరొకటి పెట్టుకుని మాట తప్పారనుకుంటాం. అదేం కాదు. 1870లో ఈ పార్టీ రైతుల పార్టీగా పుట్టినప్పుడు ఎదురుగా ఉన్నది పెద్ద భూస్వాములు, రాజుగారి మనుషులు. మంత్రులను రాజు తన ఇష్టప్రకారం పెట్టుకునే రోజులవి. ప్రభుత్వం ఎన్నికైన సభకు జవాబు చెప్పాలి, మా సరుకుకు సుంకాలు అడ్డం రాకూడదు అని రైతులు పట్టుబట్టారు. అప్పటికి అది తిరుగుబాటే. 1901లో మొదటి కోరిక తీరింది. ఈలోగా కార్మికుల పక్షాన సోషల్ డెమోక్రాట్లు వచ్చి వీళ్లకంటే ఎడమపక్కన సర్దుకున్నారు. రైతుల పార్టీ తక్కువ పన్నులు, స్వేచ్ఛా వ్యాపారం అంటూ దాదాపు ఉన్నచోటే ఉంది. వాళ్లు జరగలేదు, బల్లే పొడుగైంది. (1905లో చీలిపోయిన ముక్క పేరు రాడికల్ వెన్‌స్ట్రె. వాళ్లు ఇవాళ నెమ్మదస్తులైన మధ్యేవాదులు.)

అందుకే, ఈ ఎడమ, కుడి ముద్రలకు అర్థం పోయింది, తీసి పారేయండి అనేవాళ్లతో నాకు పేచీ. అర్థం ఎక్కడికీ పోలేదు. ఎవరికి ఎదురుగా, ఏ సంవత్సరంలో అని అడిగితే దొరుకుతుంది. అడిగే ఓపిక ఉండాలంతే.

గందరగోళం వద్దనుకున్నారేమో, వెన్‌స్ట్రె వాళ్లు పేరు చివర ‘డెన్మార్క్ లిబరల్ పార్టీ’ అని తోక తగిలించుకున్నారు. దాన్ని అమెరికావాడికి చూపిస్తే మళ్లీ ఎడమనే అనుకుంటాడు! 1928లో అమెరికా అధ్యక్ష పదవికి పోటీచేస్తూ హెర్బర్ట్ హూవర్, ప్రభుత్వం వ్యాపారంలో వేలు పెట్టకపోవడమే అసలైన లిబరలిజం అన్నాడు. నాలుగేళ్లకు ఆయన్ని ఓడించిన రూజ్‌వెల్ట్ అదే మాటను జనానికి పనులూ పెన్షన్లూ ఇచ్చే ప్రభుత్వానికి అంటించాడు. అమెరికాలో ఆ అర్థమే నిలిచింది. మాటను చెడగొట్టారని హూవర్ గొణుగుతూనే ఉండిపోయాడు. ఆస్ట్రేలియాలో మాత్రం 1944లో పుట్టిన లిబరల్ పార్టీ ఇప్పటికీ కుడివైపే.

మన పత్రికల సంగతి ఇంకా తమాషా. 1907 సూరత్ కాంగ్రెస్ చీలికలో గోఖలే వర్గం మితవాదులు, తిలక్ వర్గం అతివాదులు. మితవాదులంటే అర్జీలు పెట్టి, చట్టం గీత దాటకుండా, ఓపిగ్గా అడిగేవాళ్లు. ఇప్పుడు అదే మాట రైట్ వింగ్‌కు స్థిరపడిపోయింది. ఐరోపాలో వలసదారులను తరిమేయమనే పార్టీకి ఓట్లు పెరిగితే ‘పచ్చి మితవాద పార్టీ’ అని వార్త రాస్తారు. మనమూ చదివేసి పేజీ తిప్పేస్తాం. గోఖలే చదివుంటే మాత్రం పొలమారేది.