ఒక్క తెల్ల షీటు కోసం పడ్డ తిప్పలు (నా అనుభవం)

ప్లాస్టిక్ మోడల్ కిట్లు కట్టడం నాకు ఎప్పట్నుంచో అలవాటే, పెట్టెలో వచ్చిన ముక్కల్ని కత్తిరించి అతికించి రంగేస్తే పనైపోతుంది. ఈసారి మాత్రం కిట్ అనేదే లేని బొమ్మ ఒకటి సొంతంగా కట్టాలనిపించింది. హెచ్ఓ స్కేల్లో, అంటే 1:87లో (అసలుదాంట్లో 87వ వంతు), రెండంతస్తుల రైల్వే సిగ్నల్ కేబిన్. కింద ఇటుక గోడ, పైన చెక్క పలకలు, మూడు వైపులా కిటికీలే కిటికీలు. డ్రాయింగ్ రెండ్రోజుల్లో గీసేశా. గోడలు కొయ్యడానికి కావాల్సిన ప్లాస్టిక్ షీటు చేతికి రావడానికి మాత్రం దగ్గర దగ్గర మూణ్ణెల్లు పట్టింది, అదీ షీటు దొరక్క కాదు, దేన్ని ఏమని అడగాలో నాకు తెలీక.

"తెల్ల ప్లాస్టిక్ షీటు" అని అడిగితే లోకంలో ఉన్నవన్నీ తెల్లవే కదా. మొదట్లో ఒకచోట "స్టైరీన్" అని లేబుల్ ఉన్న 3 మి.మీ. షీటు తెప్పించుకున్నా, నున్నగా తెల్లగా బావుంది, తేలిగ్గా కూడా ఉంది. తేలిగ్గా ఉందేంటా అని అప్పుడే అనుమానం రావాల్సింది, రాలేదు. గోడ కోసి, కిట్లకి వాడే ఎక్స్‌ట్రా థిన్ సిమెంట్ అనే పల్చటి జిగురు (టామియా కంపెనీది, ఆకుపచ్చ మూత ఉంటుంది, మూతకే బ్రష్ ఉంటుంది) పూసి మూలలు కలిపా. అంటినట్టే అంటింది, మర్నాడు గోరు పెట్టి లాగితే చడీచప్పుడు లేకుండా ఊడొచ్చింది. మళ్లీ పూశా, మళ్లీ ఊడింది. తప్పు నా చెయ్యిదే అనుకుని జిగురు ఎక్కువ పోశా, దాంతో గోడ మీద మరకలు తప్ప ఒరిగిందేం లేదు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. మనం కిట్లకి వాడేది నిజానికి జిగురు కాదు, సాల్వెంట్. అది రెండు ముక్కల అంచుల్నీ కాస్త కరిగిస్తుంది, కరిగిన ప్లాస్టిక్ ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి, సాల్వెంట్ ఆరిపోయాక ఒకే ముక్క అవుతుంది. అంటే కరగని ప్లాస్టిక్ అయితే ఎంత పోసినా నీళ్లు పోసినట్టే. ఈ ముక్క బుర్రకెక్కాక నేను షీటు రంగు చూడ్డం మానేసి అది ఏ ప్లాస్టిక్కో చూడ్డం మొదలుపెట్టా.

మనకి కావాల్సింది పాలీస్టైరీన్, అందులోనూ హై ఇంపాక్ట్ పాలీస్టైరీన్, పొట్టిగా హిప్స్ అంటారు. మామూలు పాలీస్టైరీన్ సీడీ డబ్బాలా గాజులాగా ఉంటుంది, వంచితే పెళ్లుమని పగులుతుంది. దాంట్లో కొంచెం రబ్బరు కలిపితే పాలలా తెల్లబడి, వంగే గుణం వస్తుంది, అదే హిప్స్. మోడల్ వాళ్ల కోసం ఎవర్‌గ్రీన్, టామియా, స్లేటర్స్ లాంటివాళ్లు అమ్మే షీట్లు ఈ పాలీస్టైరీనే. స్లేటర్స్ వాళ్ల ప్లాస్టికార్డ్ అనే పేరు ఎంత స్థిరపడిపోయిందంటే ఏ కంపెనీ షీటునైనా కొందరు ఆ పేరుతోనే పిలుస్తారు. వెతికేటప్పుడు హిప్స్ షీట్, స్టైరీన్ షీట్, ప్లాస్టికార్డ్, ప్లా-ప్లేట్, ఈ నాలుగు పేర్లతోనూ వెతకండి, ఒకే వస్తువుకి ఇన్ని పేర్లేంటో నాకైతే ఇప్పటికీ విసుగే. పెద్ద షీట్లు కావాలంటే వాక్యూమ్ ఫార్మింగ్‌కి (షీటుని వేడిచేసి అచ్చు మీదికి గాలితో పీల్చే పద్ధతి) వాడే హిప్స్ షీట్ అని అడిగితే అదే సరుకు, కాకపోతే సన్నం మందాలు అందులో తక్కువ.

చేతిలో ఉన్న షీటు ఏంటో తేల్చుకోడానికి నేను చేసిన పరీక్షలు చెప్తా. వాడి పారేసే డబ్బాలు, మూతల మీద త్రికోణం గుర్తులో 6 అంకె ఉంటే పాలీస్టైరీన్, 5 ఉంటే పాలీప్రొపిలీన్, 3 ఉంటే పీవీసీ. గుర్తు లేని వాటికి రెండు గ్లాసులు పెట్టుకున్నా, ఒకదాంట్లో మామూలు నీళ్లు, ఇంకోదాంట్లో ఉప్పు ఇక కరగనంత కలిపిన నీళ్లు. పాలీప్రొపిలీన్ మామూలు నీళ్లలోనే తేలుతుంది. పాలీస్టైరీన్ నీళ్లకన్నా ఇసుమంత బరువు కాబట్టి మెల్లగా, తీరిగ్గా మునుగుతుంది, ఉప్పునీళ్లలో వేస్తే పైకి తేలుతుంది. గట్టి పీవీసీ రెండింట్లోనూ మునిగిపోతుంది. ముక్కకి గాలి బుడగలు అంటుకుంటే లెక్క తప్పుతుంది, వేలితో తుడిచి మళ్లీ ముంచాలి.

మరి నా 3 మి.మీ. షీటు? మామూలు నీళ్లలోనే బెండులా తేలింది. సరే పాలీప్రొపిలీన్ కాబోలు అనుకున్నా, కానీ కోసిన అంచుని భూతద్దంలో చూస్తే సన్న సన్న రంధ్రాలు, రొట్టెలాగా. అది పీవీసీ ఫోమ్ బోర్డు, సైన్‌బోర్డులకి వాడే రకం. లోపల గాలి ఉంది కాబట్టి తేలింది, మన నీళ్ల పరీక్ష దాని దగ్గర చెల్లదు. అన్నిటికన్నా నమ్మకమైన పరీక్ష సిమెంట్‌దే: మూల మీద ఒక చుక్క వేసి పది సెకన్లు ఆగి వేలితో నొక్కి తియ్యండి, బంకలా సాగితే పాలీస్టైరీన్. (ఏబీఎస్ అనే ఇంకో ప్లాస్టిక్ కూడా కొంత సాగుతుంది, దాంతో మనకి గొడవేం లేదు.) కొందరు కాల్చి వాసన చూడమంటారు, నేనొకసారి చేసి బుద్ధి తెచ్చుకున్నా, పీవీసీ కాలిస్తే వచ్చే పొగ హైడ్రోజన్ క్లోరైడ్, గొంతు పట్టేస్తుంది, ఆ జోలికి పోకండి.

మందాల దగ్గర ఇంకో తికమక. కొన్ని షీట్ల మీద మందం అంగుళంలో వెయ్యో వంతుల్లో ఉంటుంది, దాన్నే థౌ అంటారు. .020 అని చూసి నేను 2 మి.మీ. అనుకుని ఆర్డర్ పెట్టా, వచ్చింది అర మిల్లీమీటరుది. 10 థౌ అంటే పావు మి.మీ., 20 అంటే అర, 40 అంటే దాదాపు ఒకటి, 60 అంటే ఒకటిన్నర, ఇంతే లెక్క. మనక్కావాల్సిన మందం నిజమైన వస్తువు మందాన్ని 87తో భాగిస్తే వస్తుంది. 40 మి.మీ. తలుపు అయితే 0.46, అంటే పొరపాటున వచ్చిన ఆ అర మి.మీ. షీటు తలుపులకి అతికినట్టు సరిపోయింది. 230 మి.మీ. ఇటుక గోడ 2.64 వస్తుంది, ఒకటి, ఒకటిన్నర కలిపి అతికిస్తే రెండున్నర, చూసేవాడి కంటికి ఆ తేడా తెలీదు.

కొయ్యడం నాకు చాలా నచ్చిన పని. పూర్తిగా కొయ్యక్కర్లేదు, ఆ మాట తెలీక మొదట్లో బ్లేడు అరగదీసి వేలు కూడా కోసుకున్నా. స్టీలు స్కేలు ఆనించి బ్లేడుతో బరువు పెట్టకుండా రెండు మూడు సార్లు గీసి, గీత పైకి తెరుచుకునేలా షీటుని వెనక్కి వంచితే టిక్ మని విరుగుతుంది, అంచు నిట్టనిలువుగా వస్తుంది. బ్లేడు గీతకి రెండు పక్కలా సన్నటి గట్టు లేస్తుంది, బ్లేడు వీపుతో ఒకసారి గీరితే పోతుంది. ఆ గట్టు వదిలేస్తే రెండు షీట్లు కలిపినప్పుడు మధ్యలో సందు మిగుల్తుంది. పై అంతస్తు చెక్క పలకల గీతలు మాత్రం కొక్కెం ముక్కులాంటి కొన ఉండే స్క్రైబింగ్ కట్టర్‌తో గీశా, 1.7 మి.మీ.కి ఒకటి చొప్పున, అది ప్లాస్టిక్‌ని నూలుపోగులా చెక్కి బయటికి తీస్తుంది కాబట్టి గట్టు లేవదు. కిటికీల కన్నాలు కొయ్యబోయి మూడు గోడలు పాడుచేశా, గీత మూల దాటి చీరుకుపోతోంది. నాలుగు మూలల్లో ముందు చిన్న చిల్లు పెట్టుకుంటే ఆగింది. చివరికి అదీ మానేసి, కిటికీల చుట్టూ పట్టీలు పేర్చి గోడ కట్టడమే సుఖం అనిపించింది.

అతికించేటప్పుడు ముందు సిమెంట్ పూసి తర్వాత కలపడం కాదు, పొడిగా రెండు ముక్కలూ కలిపి పట్టుకుని సందు దగ్గర బ్రష్ ఆనించాలి. మెరుస్తూ ఒక తడి గీత ఆ చివరిదాకా సర్రున పాకుతుంది, ఎన్నిసార్లు చూసినా ముచ్చటే. వేళ్లు సందు మీద ఉంటే మాత్రం వేలి కిందికి కూడా పాకి, వేలిముద్ర గోడమీద శాశ్వతంగా ఉండిపోతుంది, నా కేబిన్ వెనక గోడకి ఒకటుంది. కిటికీ తీసి పెట్టుకోండి, ఆ ఆవిరి మంచిది కాదు.

అసలు దెబ్బ తర్వాత తగిలింది. రెండు పొరలు కలిపిన ఇటుక గోడలు ఆ రోజు బల్లలా చదునుగా ఉన్నాయి, మూడు వారాల తర్వాత చూస్తే పొడుగు గోడ విల్లులా వంగి ఉంది. పొరల మధ్య మొత్తం సిమెంట్ పారించా కదా, అది బయటికి పోయే దారి లేక లోపలే ఉండి నెమ్మదిగా ఆరుతూ ప్లాస్టిక్‌ని లాగేసింది. ఆ గోడ పారేసి రెండోసారి కట్టేటప్పుడు లోపలి షీటుకి రెండేసి సెంటీమీటర్ల దూరంలో చిల్లులు పెట్టా, సిమెంట్ అంచులకీ ఆ చిల్లుల్లోకీ మాత్రమే తాకించా, గాజు పలక కింద రెండ్రోజులు ఉంచా, లోపల మూలలకి 2 మి.మీ. పట్టీలు ఆనించా. ఐదు నెలలైంది, స్కేలు ఆనించి చూస్తే వెలుగు కనపడట్లేదు.

మిగిలిన తుంపులు పారేయట్లేదు, పాత సిమెంట్ సీసాలో వేసి కరగనిస్తే తేనెలా చిక్కగా అవుతుంది, సందులు పూడ్చడానికి బయట కొనే పుట్టీ కన్నా అదే నయం, ఎందుకంటే ఆరాక అదీ గోడా ఒకటే ప్లాస్టిక్, గీరితే ఒకేలా గీరుకుంటుంది. ఆరడానికి మాత్రం ఒక రోజు ఇవ్వాలి.

ఇక ఆ మొదటి పీవీసీ ఫోమ్ షీటు, అమ్మినవాళ్లు వెనక్కి తీసుకోలేదు. గోరుతో నొక్కితే సొట్ట పడే ఆ గుణమే పనికొచ్చింది, బాల్‌పెన్నుతో నొక్కి రాళ్లు పరిచినట్టు చేసి రంగేశా, కేబిన్ ఇప్పుడు దాని మీదే నిలబడి ఉంది, సూపర్ గ్లూతో.