క్యాడెన్స్ సెన్సర్: 90 కోసం కాదు, గేరు మార్చాల్సిన వేళ తెలియడం కోసం

పెడల్ ఎంత వేగంగా తిప్పుతున్నామో చెప్పే క్యాడెన్స్ సెన్సర్ బిగించుకున్న కొత్తలో చాలామంది 90 అనే అంకెను పట్టుకుంటారు. రోడ్డు ఎలా ఉన్నా, ఆ రోజు కాళ్లలో సత్తువ ఎంత ఉన్నా, స్క్రీన్ మీద 90 కనబడాల్సిందే. గుండె వేగం పెరుగుతుంది, ఆయాసం వస్తుంది, సైకిల్ వేగం మాత్రం ఎప్పటిలాగే ఉంటుంది. నెల తిరిగేసరికి సెన్సర్ మీద నమ్మకం పోతుంది. ఈ సెన్సర్ నిజంగా పనికొచ్చేది ఒక్క విషయానికి: గేరు ఎప్పుడు మార్చాలో కాళ్లు అలసిపోకముందే చెప్పడానికి. మిగతా ఉపయోగాలన్నీ దాని వెనకే వస్తాయి.

క్యాడెన్స్ అంటే క్రాంక్ (పెడల్ బిగించి ఉండే చేయి) నిమిషానికి తిరిగే చుట్లు, ఆర్‌పీఎం. మన పవర్‌లో ఉండేవి రెండే: పెడల్‌ని ఎంత బలంగా తొక్కుతున్నాం, ఎంత వేగంగా తిప్పుతున్నాం. 200 వాట్లు 60 ఆర్‌పీఎం దగ్గర రావాలంటే క్రాంక్ మీద దాదాపు 32 న్యూటన్ మీటర్ల టార్క్ (తిప్పే బలం) పడాలి. 90 దగ్గర 21 చాలు. 170 మిల్లీమీటర్ల క్రాంక్‌కి లెక్కేస్తే, చుట్టు మొత్తం మీద సగటున 19 కిలోల బరువుతో నొక్కడానికీ 13 కిలోల బరువుతో నొక్కడానికీ ఉన్న తేడా ఇది. వాట్లు రెండు చోట్లా అవే. నెమ్మదిగా తిప్పితే భారం కండరాల మీద, మోకాళ్ల మీద పడుతుంది. వేగంగా తిప్పితే గుండె మీదకీ ఊపిరితిత్తుల మీదకీ వెళ్తుంది.

ఆక్సిజన్ ఖర్చు ఒక్కటే చూస్తే, మామూలు పవర్ దగ్గర 50 నుంచి 70 ఆర్‌పీఎం మధ్యే తక్కువ ఖర్చు. అయినా బాగా సాధన ఉన్నవాళ్లు 80 నుంచి 100 మధ్య తిప్పుతారు, ఎందుకంటే ఒక్కో తొక్కుకి కండరం మీద భారం తగ్గితే అది ఎక్కువసేపు నిలబడుతుంది. పవర్ పెరిగేకొద్దీ అనువైన క్యాడెన్స్ కూడా పైకి జరుగుతుంది. బ్రిటిష్ సైక్లిస్టు బ్రాడ్లీ విగ్గిన్స్ 2015లో గంటలో 54.526 కిలోమీటర్లు తొక్కి రికార్డు పెట్టినప్పుడు అతని క్యాడెన్స్ 105 చుట్టుపక్కల ఉంది. చదునైన ట్రాక్, ఒకటే గేరు, అతని పవర్: ఈ మూడింటికీ కుదిరిన అంకె అది. 120 వాట్లతో తీరిగ్గా తొక్కుతున్న మనిషి దాన్ని అరువు తెచ్చుకుంటే గుండె ఊరికే కొట్టుకోవడం తప్ప ఒరిగేదేమీ లేదు.

బిగించేటప్పుడు

ఇప్పుడు దొరికే సెన్సర్లలో ఎక్కువ భాగం అయస్కాంతం అక్కర్లేనివి. క్రాంక్ చేతికి కడితే, లోపలి చిప్ కదలికను బట్టి చుట్లు లెక్కపెడుతుంది. చైన్ లేని వైపు, అంటే ఎడమ క్రాంక్ లోపలి ముఖానికి, ఫ్రేమ్ వైపు తిరిగి ఉండేలా కట్టాలి. కట్టే ముందు క్రాంక్‌కీ చైన్‌స్టేకీ (క్రాంక్ దగ్గర్నుంచి వెనక చక్రం దాకా పోయే ఫ్రేమ్ గొట్టం) మధ్య ఖాళీ చూడండి. కొన్ని ఫ్రేములకు అక్కడ ఒక సెంటీమీటరు కూడా ఉండదు, సెన్సర్ ప్రతి చుట్టుకీ రాసుకుంటుంది. చేత్తో మెల్లగా క్రాంక్‌ని రెండు మూడు చుట్లు వెనక్కి తిప్పి చూశాకే సైకిలెక్కాలి. క్రాంక్ దగ్గర చోటు లేకపోతే బూటు మీద బిగించే క్లిప్ ఉన్న రకం తీసుకోవచ్చు.

రబ్బరు బ్యాండ్ క్రాంక్ వెడల్పుకి సరిపోయేది, సాగి గట్టిగా పట్టుకునేది ఎంచుకోవాలి. వదులుగా ఉంటే సెన్సర్ పెడల్ వైపు జారి షూకి తగులుతుంది. బ్యాండ్ మీద చిన్న పగుళ్లు కనబడ్డ రోజే మార్చేయండి. అది తెగితే సెన్సర్ ఎక్కడ పడిందో కూడా తెలియదు.

పాత అయస్కాంతం రకమైతే అయస్కాంతం క్రాంక్ మీద, సెన్సర్ చైన్‌స్టే మీద ఉంటాయి. రెండింటి మధ్య దూరం కొన్ని మిల్లీమీటర్లే ఉండాలి, సెన్సర్ మీది గీత ఎదుటికి అయస్కాంతం రావాలి. దూరం పెరిగితే చుట్లు తప్పిపోతాయి, అంకె ఒక్కసారిగా సగానికి పడిపోయి మళ్లీ లేస్తుంది. పవర్ మీటర్ (వాట్లు కొలిచే పరికరం) ఉన్న క్రాంక్ గానీ పెడల్ గానీ ఉంటే క్యాడెన్స్ అందులోనే వస్తుంది, విడిగా కొనడం దండగ.

జత చేసేటప్పుడు ఎక్కువమందిని తిప్పలు పెట్టేది ఒక్కటే: ఫోన్ బ్లూటూత్ సెట్టింగుల్లోకి వెళ్లి సెన్సర్‌ని కలపడం. అక్కడ కాదు, సైకిల్ కంప్యూటర్ లోపలో, వాడే యాప్ లోపలో వెతికి కలపాలి. చాలా సెన్సర్లు బ్లూటూత్‌లో ఒకేసారి ఒక్క పరికరానికే పలుకుతాయి. ఫోన్‌లో ఏదో యాప్ దాన్ని పట్టుకుని కూర్చుంటే సైకిల్ కంప్యూటర్‌కి కనబడదు. బ్లూటూత్ లాంటి మరో వైర్‌లెస్ పద్ధతి యాంట్ ప్లస్‌కి ఈ గొడవ లేదు, ఎన్ని పరికరాలైనా ఒకేసారి వినొచ్చు. గుంపులో నిలబడి జత చేయకండి, పక్కవాళ్ల సెన్సర్ తగులుకుంటుంది. వాడనప్పుడు సెన్సర్ నిద్రపోతుంది కాబట్టి, వెతికే ముందు క్రాంక్‌ని కొన్ని చుట్లు తిప్పి లేపాలి.

అంకె నిజమేనా

ఒకసారి చేత్తో సరిచూసుకోవాలి. చదును రోడ్డు మీద నిలకడగా తొక్కుతూ, కుడి మోకాలు పైకి వచ్చిన ప్రతిసారీ లెక్కపెట్టండి, 30 సెకన్లు. రెట్టింపు చేస్తే ఆర్‌పీఎం. 15 సెకన్లు లెక్కపెట్టి నాలుగింతలు చేస్తే ఒక్క చుట్టు తప్పినా 4 ఆర్‌పీఎం తేడా వస్తుంది, అందుకే 30 మేలు. సెన్సర్ అంకెకీ మీ లెక్కకీ తేడా 2 లోపు ఉంటే చాలు.

స్క్రీన్ మీది అంకె కాస్త వెనకబడి వస్తుంది, దానికి కారణముంది. సెన్సర్ పంపేది ఆర్‌పీఎం కాదు. ఇప్పటిదాకా తిరిగిన మొత్తం చుట్లు, చివరి చుట్టు పూర్తయిన సమయం, ఈ రెండూ పంపుతుంది. వాటి తేడాల నుంచి కంప్యూటర్ ఆర్‌పీఎం లెక్క కడుతుంది. 40 ఆర్‌పీఎం దగ్గర ఒక్క చుట్టుకే ఒకటిన్నర సెకను పడుతుంది. అందుకే చిన్న స్ప్రింట్లలో స్క్రీన్ చూడటం వృథా, ఇంటికొచ్చాక రైడ్ రికార్డయిన ఫైల్‌లో చూసుకోవాలి.

అంకె మధ్యమధ్యలో మాయమవుతుంటే ముందు బ్యాటరీని అనుమానించండి. చాలావాటిలో ఉండేది సీఆర్2032 బిళ్ల. పాతది తీసి 30 సెకన్లు ఆగి కొత్తది పెడితే సెన్సర్ సరిగ్గా మళ్లీ మొదలవుతుంది. పిల్లలు మింగకుండా చేదు పూత పూసిన బిళ్లలు కొన్ని సెన్సర్లలో సరిగ్గా ఆనవు. కొత్త బిళ్ల వేసినా పలకకపోతే పూత లేని బిళ్లతో చూడండి. మూత కింది రబ్బరు రింగు చోటు తప్పితే వానలో, సైకిల్ కడిగేటప్పుడు నీళ్లు లోపలికి పోతాయి.

ఇంకో చిక్కు సగటు దగ్గర. పల్లంలో తొక్కకుండా జారిన సమయాన్ని సున్నాలుగా కలిపితే సగటు 68 వచ్చిన రైడ్, సున్నాలు తీసేస్తే 82 చూపించొచ్చు. చాలా సైకిల్ కంప్యూటర్లలో దీనికి సెట్టింగ్ ఉంటుంది. క్యాడెన్స్‌కి సున్నాలు తీసేసి పెట్టుకోవాలి, పవర్‌కి కలిపే ఉంచాలి. రెండు రైడ్లను పోల్చేముందు రెండూ ఒకే పద్ధతిలో ఉన్నాయో లేదో చూసుకోకపోతే ఆ పోలికకు అర్థం లేదు.

ముందు కొలత, తర్వాత మార్పు

మొదటి రెండు వారాలు ఏమీ మార్చకుండా మీ ధోరణిలోనే తొక్కండి. తర్వాత ఫైళ్లు తెరిచి సగటు వదిలేసి, ఏ అంకెల మధ్య ఎంతసేపు ఉన్నారో చూడండి. ఎత్తు వచ్చిన ప్రతిసారీ 60 కిందికి పడిపోతున్నారా? పడిపోయాక గానీ గేరు మార్చడం లేదా? అదే అయితే ఆలస్యం జరుగుతోంది. అప్పటికే చైన్ మీద బరువు ఎక్కువ ఉంటుంది, గేరు కరకరమంటూ పడుతుంది, కొన్నిసార్లు చైన్ జారుతుంది.

దీనికి మందు చాలా తేలిక. మీ మామూలు క్యాడెన్స్ 80 అనుకుంటే, కింద 72, పైన 90 హద్దులు పెట్టుకోండి. 72 తాకగానే ఒక గేరు తేలిక చేయాలి, 90 దాటగానే ఒక గేరు బరువు చేయాలి. పవర్ గానీ గుండె వేగం గానీ మారనివ్వకూడదు. మూడు నాలుగు వారాలకు స్క్రీన్ చూడకుండానే చేయి గేరు మీదికి పోతుంది. నా మట్టుకు, ఏ డ్రిల్లూ చేయకుండా ఈ ఒక్క అలవాటు చేసుకున్నా సెన్సర్ డబ్బులు గిట్టినట్టే.

ఎత్తుల మీద హద్దు నిలవకపోతే లోపం కాళ్లలో కాకుండా గేర్లలో ఉండొచ్చు. మనిషీ సైకిలూ కలిసి 80 కిలోలు, 8 శాతం వాలు, 200 వాట్లు అనుకుంటే వేగం గంటకు సుమారు 10.5 కిలోమీటర్లు. 700x25 టైరుతో, ముందు 34 పళ్లు, వెనక 28 పళ్లు ఉంటే క్యాడెన్స్ 68 దగ్గర ఆగిపోతుంది. వెనక 32 ఉంటే 78, 34 ఉంటే 83. ఎంత సాధన చేసినా ఈ లెక్క మారదు. పెద్ద క్యాసెట్ (వెనక పళ్ల చక్రాల సెట్టు) వేయడమో, పవర్ పెరిగేదాకా ఆగడమో చేయాలి. క్యాసెట్ కొనేముందు వెనక డిరైలర్ (చైన్‌ని ఒక పళ్ల చక్రం నుంచి ఇంకోదానికి మార్చేది) ఎన్ని పళ్ల దాకా మోయగలదో చూసుకోండి, చైన్ పొడవు కూడా మార్చాల్సి రావచ్చు.

రెండు డ్రిల్లులు

వేగంగా తిప్పడం నేర్చుకోడానికి: 15 నిమిషాలు వార్మప్ అయ్యాక తేలిక గేరులో 80 దగ్గర మొదలుపెట్టి ప్రతి 30 సెకన్లకు 5 పెంచుతూ పోండి. ఒక చోట తుంటి సీటు మీద ఎగరడం మొదలవుతుంది. అక్కడి నుంచి 5 తగ్గించి ఒక నిమిషం నిలపండి. మూడు నిమిషాలు విశ్రాంతి, మళ్లీ. నాలుగైదు సార్లు చాలు, వారానికి రెండు రోజులు. ఎగరడానికి కారణం, పెడల్ కిందికి చేరాక కూడా కాలు ఇంకా కిందికే నొక్కుతుండటం. అడుగున మడమను వెనక్కి లాగుతున్నట్టు కదిపితే తగ్గుతుంది. 80 దగ్గరే తుంటి అటూ ఇటూ ఊగుతుంటే మాత్రం సీటు ఎత్తు ఎక్కువైంది. ముందు దాన్ని 2, 3 మిల్లీమీటర్ల చొప్పున దించి చూడాలి.

బలంగా తొక్కడం కోసం: 4 నుంచి 6 శాతం వాలు మీద, కూర్చునే, 50 నుంచి 60 ఆర్‌పీఎం మధ్య 5 నిమిషాలు. మాట్లాడితే రెండు మూడు ముక్కలే వచ్చేంత కష్టం, అంతకు మించొద్దు. మధ్యలో 5 నిమిషాలు తేలిగ్గా. మొదట మూడుసార్లు, పోనుపోను ఐదు. మోకాళ్ల నొప్పి ఉన్నవాళ్లు, సీజన్ మొదట్లో ఉన్నవాళ్లు దీని జోలికి పోకూడదు. చేస్తుండగా మోకాలి చిప్ప చుట్టూ నొప్పి వస్తే ఆ రోజుకి అక్కడితో ఆపేయాలి, తేలిక గేరులో ఇంటికి రావాలి.

ఇంట్లో ట్రైనర్ మీద

ట్రైనర్ అంటే సైకిల్‌ని ఇంట్లోనే నిలబెట్టి తొక్కడానికి వాడే పరికరం. ఎర్గ్ మోడ్‌లో అది వాట్లను స్థిరంగా ఉంచుతుంది, కాబట్టి క్యాడెన్స్ తగ్గితే పెడల్ బరువెక్కుతుంది. బరువెక్కితే క్యాడెన్స్ ఇంకా తగ్గుతుంది. 50 కిందికి వెళ్లాక కాళ్లు పూర్తిగా ఆగిపోతాయి. కష్టమైన ఇంటర్వెల్ మొదలయ్యే 5 సెకన్ల ముందే క్యాడెన్స్‌ని 5 నుంచి 10 పెంచి సిద్ధంగా ఉండండి. ఇరుక్కుపోతే ఒత్తిడితో లాభం లేదు. కొన్ని సెకన్లు తొక్కడం ఆపేసి, బరువు వదిలాక తేలిగ్గా వేగం అందుకోవాలి. కొన్ని ట్రైనర్లు క్యాడెన్స్‌ని ఊహించి చెబుతాయి, నెమ్మదిగా తిప్పేటప్పుడు ఆ ఊహ తప్పుతుంది. యాప్‌లో క్యాడెన్స్ మూలం దగ్గర ట్రైనర్ బదులు మీ సెన్సర్‌ని ఎంచుకోండి.

పొడవాటి రైడ్ చివర

మూడు గంటలు దాటిన రైడ్లలో చూడాల్సింది ఇది: మొదటి గంటలోనూ చివరి గంటలోనూ ఒకే పవర్‌తో, ఒకేలాంటి రోడ్డు మీద ఉన్న పది నిమిషాల ముక్కలు రెండు తీసుకుని క్యాడెన్స్ పోల్చండి. 3, 4 తగ్గడం మామూలే. 10 దాకా పడిపోతే కారణం వెతకాలి. మొదటి గంటలో ఎక్కువ గట్టిగా తొక్కారా, తిండీ నీళ్లూ వేళకు తీసుకోలేదా అన్నవి ముందు చూడండి. రెండూ బాగానే ఉండి, ప్రతి పొడవాటి రైడ్‌లోనూ అలాగే పడిపోతుంటే ఆ వారం బలం డ్రిల్లు మానేసి, తీరికైన రైడ్ల నిడివిని మెల్లగా పెంచుతూ నెల తర్వాత అదే పోలిక మళ్లీ తీయండి.